గుట్ట అవతలి ట్యాంకు రీడింగ్ ఇవతలికి: ఈబైట్ ఈ22-900టీ22డీ మోడెమ్, దాని రిపీటర్ మోడ్ రివ్యూ

బోరు గుట్టకి ఇవతల, ఊరి ట్యాంకు అవతల. మధ్య దూరం రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. ట్యాంకులో నీటిమట్టం చెప్పే సెన్సరుకి ఆర్ఎస్-485 (జత తీగ మీద డేటా పంపే పద్ధతి) ఉంది, బోరు దగ్గర స్టార్టరుని నడిపే కంట్రోలర్ ఉంది. ఈ రెంటినీ కలపడమే తలనొప్పి. ఆర్ఎస్-485 తీగ తక్కువ స్పీడులో 1200 మీటర్ల వరకు లాగొచ్చంటారు. కానీ చేలగట్ల మీద లాగిన తీగ మొదటి దుక్కికే తెగుతుంది. 4జీ మోడెమ్ పెడితే రెండు సిమ్ములు, నెలనెలా రీచార్జి. పైగా గుట్ట నీడలో సిగ్నల్ ఉంటే కదా. ఇలాంటి చోటికి పనికొచ్చే వస్తువు ఈబైట్ వాళ్ల ఈ22-900టీ22డీ. ఒక పక్క సీరియల్ డేటా పోస్తే రెండో పక్క అదే డేటా బయటికొచ్చే లోరా (తక్కువ పవర్‌తో ఎక్కువ దూరం వెళ్లే రేడియో పద్ధతి) మోడెమ్ ఇది. గుట్ట మీద ఇలాంటిదే మూడోది పెడితే, ఇటు విన్నది అటు మళ్లీ చెప్పే రిపీటర్ అదే.

కొనేముందు పేరు అక్షరం అక్షరం చదవండి. ఇదే కంపెనీ నుంచి ఈ32, ఈ220, ఈ22 అని మూడు వరసలు వస్తాయి. పిన్నులు ఏడే: ఎం0, ఎం1, ఆర్ఎక్స్‌డీ, టీఎక్స్‌డీ, ఆక్స్, వీసీసీ, గ్రౌండ్. చూపుకి కవల పిల్లలే. కానీ రిపీటర్ మోడ్ ఉన్నది ఈ మూడింట్లో ఈ22కి మాత్రమే. ఈ220లో నెట్ ఐడీ (మాడ్యూల్ ఏ గుంపుదో చెప్పే నంబరు) అనే రెజిస్టరే, అంటే ఆ సెట్టింగు దాచే గడే లేదు. అదే లేకపోతే కింద చెప్పబోయే రిపీటర్ పద్ధతి మొత్తం ఎగిరిపోతుంది. ఆన్‌లైన్‌లో ఫోటో ఒకటి, పేరు ఇంకొకటి పెట్టి అమ్మేవాళ్లున్నారు కాబట్టి పార్సిల్ విప్పగానే డబ్బా రేకు మీది నంబరు చూసుకోండి.

చాలామంది వాడే హెచ్‌సీ-12 అనే రేడియో మాడ్యూల్ ఇంకా చవక, ఇంకా తేలిక. ఇంటి నుంచి పక్క చేను దాకా అయితే అదే చాలు. దానికి రిపీటర్ మోడ్ లేదు, పైగా అది 433 మెగాహెర్ట్జ్ వైపుది. మన దేశంలో 433 నుంచి 434 మధ్య లైసెన్స్ లేకుండా ఇచ్చింది నాలుగు గోడల మధ్య వాడకానికి, అదీ 10 మిల్లీవాట్లకే. బయట స్తంభం మీద 100 మిల్లీవాట్లతో నడిపేది ఆ కోవలోకి రాదు. 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ బ్యాండు మాత్రం 1 వాట్ ట్రాన్స్‌మిటర్ పవర్ వరకు లైసెన్స్ అక్కర్లేనిది. ఈ22-900 గరిష్ఠం 22 డీబీఎం, అంటే సుమారు 158 మిల్లీవాట్లు. ఆ లెక్కన హాయిగా సరిపోతుంది. సొంత పొలానికి కాక, డబ్బాలో పెట్టి అమ్మే ఆలోచన ఉంటే డబ్ల్యూపీసీ (కేంద్రంలో రేడియో లైసెన్సులు చూసే విభాగం) నుంచి ఈటీఏ అనే పరికర అనుమతి విడిగా కావాలి.

ఇక్కడే మొదటి మెలిక. ఈ 900 మాడ్యూల్ ఫ్యాక్టరీ నుంచి 18వ ఛానల్ మీద వస్తుంది. ఫ్రీక్వెన్సీ లెక్క 850.125కి ఛానల్ నంబరు కలపడమే. 18 కలిపితే 868.125. మన బ్యాండు 868 దగ్గరే ఆగిపోతుంది! అంటే డబ్బా విప్పి అలాగే వాడితే గీత దాటినట్టే. 15 పెడితే 865.125, అది కింది అంచుని రాసుకుంటూ ఉంటుంది. 16 గానీ 17 గానీ పెట్టండి. 16 అంటే 866.125, హెక్స్‌లో (పదికి బదులు పదహారు మీద లెక్కించే అంకెల్లో) 10. కింది సెట్టింగులన్నీ దీనితోనే.

కాన్ఫిగర్ చెయ్యడానికి సీపీ2102 గానీ సీహెచ్340 గానీ ఉన్న యూఎస్‌బీ-టీటీఎల్ కన్వర్టర్ చాలు. సిగ్నల్ లెవెల్ 3.3 వోల్టులకి జంపర్ మార్చండి. వీసీసీకి 5 వోల్టులు ఇవ్వండి, పూర్తి పవర్ అప్పుడే వస్తుంది. డేటా పిన్నులు మాత్రం 3.3 వోల్టులవే. టీఎక్స్‌డీ, ఆర్ఎక్స్‌డీ ఒకదానికొకటి అడ్డంగా కలపాలి. ఎం1 హై, ఎం0 గ్రౌండు: ఇది కాన్ఫిగరేషన్ మోడ్. రెండూ గ్రౌండుకి పోతే మామూలు డేటా మోడ్. రెండూ హై అయితే గాఢ నిద్ర. ఈ32, ఈ220లలో రెండూ హై పెడితేనే కాన్ఫిగరేషన్ మోడ్ వస్తుంది. దాంతో వాటికోసం రాసిన కోడ్‌ని దీని మీద నడిపితే మాడ్యూల్ బజ్జుని ఊరుకుంటుంది, ఎంత అడిగినా జవాబివ్వదు. మాడ్యూల్ పోయిందని తీసి పక్కన పడేసేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే. ఎం0, ఎం1 తీగలు వదిలేసినా అంతే. లోపల బలహీనమైన పుల్-అప్ (పిన్నుని హై వైపు లాగి ఉంచేది) ఉంది కాబట్టి గాల్లో ఉన్న పిన్నులు రెండూ హై అనే లెక్క.

కాన్ఫిగరేషన్ మోడ్‌లో సీరియల్ స్పీడ్ ఎప్పుడూ 9600, 8ఎన్1 (8 డేటా బిట్లు, ప్యారిటీ అనే తప్పు పట్టే బిట్టు లేదు, 1 స్టాప్ బిట్టు). మీరు మాడ్యూల్‌ని 19200కి మార్చి ఉన్నా సరే, మళ్లీ సెట్టింగులు చదవాలంటే 9600కే రావాలి. ఈ సంగతి మరిచి గంటలు గంటలు పోగొట్టుకోవచ్చు.

కంపెనీ ఇచ్చే విండోస్ ప్రోగ్రాం ఉంది, బటన్లు నొక్కితే పని అవుతుంది. అయినా హెక్స్ పంపగలిగే ఏదో ఒక టెర్మినల్‌తో చేతిరాతగా చెయ్యడం నేర్చుకుంటే మంచిది. రేపు గుట్ట మీద లాప్‌టాప్ లేకుండా, ఫోనుకి ఓటీజీ తీగతో పెట్టాల్సి వస్తే అదే అక్కరకొస్తుంది. సీ1 00 09 పంపండి, అంటే 00 నుంచి 9 బైట్లు చదివి చెప్పమని. కొత్త మాడ్యూల్ ఇలా బదులిస్తుంది:

సీ1 00 09 00 00 00 62 00 12 03 00 00

మొదటి మూడూ మీరు పంపినవే. తర్వాత వరసగా అడ్రసు పై బైటు, కింది బైటు, నెట్ ఐడీ, ఆపైన 62, 00, 12, 03, చివర రెండు బైట్లు ఎన్‌క్రిప్షన్ తాళం. తాళం రాయడానికే గానీ చదవడానికి రాదు, ఏం పెట్టినా సున్నాలే చూపిస్తుంది. హెక్స్ 12 అంటే 18, పైన చెప్పిన ఛానలే.

62 అన్న బైటులో మూడు విషయాలు ఇమిడి ఉన్నాయి. పై మూడు బిట్లు సీరియల్ స్పీడ్, మధ్య రెండూ ప్యారిటీ, కింది మూడూ గాలిలో వెళ్లే స్పీడ్. 62 అంటే 9600, 8ఎన్1, గాలిలో 2.4కే (సెకనుకి 2400 బిట్లు). సెన్సరు ఈవెన్ ప్యారిటీతో వచ్చినదైతే 72 పెట్టాలి. సెన్సరూ కంట్రోలరూ ప్రశ్న-జవాబుగా మాట్లాడుకునే మోడ్‌బస్ ప్రమాణంలో డిఫాల్ట్ ఈవెన్ ప్యారిటీయే కాబట్టి సెన్సరు కాగితం ఒకసారి చూడండి. సెన్సరు 4800 మీద 8ఎన్1 అయితే 42. రెండు చివర్లలో సీరియల్ స్పీడ్ వేరువేరుగా ఉన్నా నడుస్తుంది. గాలి స్పీడ్ మాత్రం మూడింటికీ ఒకటే ఉండాలి, ఛానల్ ఒకటే, తాళం ఒకటే.

ఇప్పుడు రిపీటర్. ఈ22లో దీని తర్కం చాలా శుభ్రంగా ఉంది. నెట్ ఐడీ వేరైన మాడ్యూళ్లు పక్కపక్కనే ఉన్నా ఒకదాని మాట ఇంకొకటి పట్టించుకోదు. రిపీటర్‌గా మార్చిన మాడ్యూల్‌కి సొంత అడ్రసు ఉండదు. దాని అడ్రసు బైట్లు రెండూ రెండు నెట్ ఐడీల జతగా మారతాయి. ఒక నెట్ ఐడీలో విన్నది రెండో దాంట్లోకి చెప్తుంది, అటు నుంచి ఇటూ అంతే. రిపీటర్ సొంత నెట్ ఐడీ రెజిస్టర్‌లో ఏమున్నా లెక్కలోకి రాదు. బోరు వైపు 01, ట్యాంకు వైపు 02 అనుకుందాం. కింద సీ0 అంటే రాయమని, 07 అంటే ఏడు బైట్లని.

బోరు దగ్గరి దానికి: సీ0 00 07 00 00 01 62 00 10 03

ట్యాంకు దగ్గరి దానికి: సీ0 00 07 00 00 02 62 00 10 03

గుట్ట మీది రిపీటర్‌కి: సీ0 00 07 01 02 00 62 00 10 23

చివరి బైటులో 03 కాస్తా 23 అయింది చూశారా, ఆ అయిదో బిట్టే రిపీటర్ స్విచ్చు. జవాబులో సీ0 బదులు సీ1తో అదే వరస వెనక్కి రావాలి. ఎఫ్ఎఫ్ ఎఫ్ఎఫ్ ఎఫ్ఎఫ్ వస్తే కమాండు ఆకారం తప్పింది, చాలాసార్లు పొడవు బైటు లెక్క తేడా. సీ0కి బదులు సీ2 వాడితే సెట్టింగు కరెంటు ఉన్నంతసేపే ఉంటుంది. ట్రయల్‌కి అది బాగుంటుంది గానీ గుట్ట మీదకి వెళ్లేదానికి పొరపాటున సీ2తో పెడితే మొదటి కరెంటు కోతకే పాత సెట్టింగులకి పోతుంది. రాశాక కరెంటు తీసి, మళ్లీ ఇచ్చి, సీ1 00 09తో ఇంకోసారి చదివి అప్పుడు డబ్బాలో బిగించండి.

ఈ పద్ధతిలో మాకు బాగా నచ్చింది ఏంటంటే గుట్ట ఎక్కకుండానే రిపీటర్‌ని పరీక్షించొచ్చు. మూడింటినీ ఒకే గదిలో పెట్టండి. పవర్ పూర్తిగా ఉంచి జానెడు దూరంలో పెడితే రిసీవర్ ఉక్కిరిబిక్కిరై తప్పుడు ఫలితాలిస్తుంది. రెండు మూడు మీటర్లు దూరం జరపండి, లేదా 62 తర్వాతి 00ని 03 చేసి పవర్ 10 డీబీఎంకి దించండి. ఒక టెర్మినల్‌లో టైపు చేస్తే రెండోదాంట్లో అక్షరాలు రావాలి. ఇప్పుడు రిపీటర్ కరెంటు పీకెయ్యండి. చివరి రెండూ ఎదురెదురుగా ఉన్నా సరే, ఏమీ రాకూడదు. అప్పుడూ వస్తున్నాయంటే రెంటి నెట్ ఐడీ ఒకటే పెట్టారన్న మాట. గుట్ట మీద అది తెలిసేదే కాదు. ఎక్కించే ముందు పవర్‌ని మళ్లీ 00కి మార్చడం మరవకండి.

గుట్టలు రెండైతే రెండో రిపీటర్‌కి 02, 03 జత, ఆఖరి మాడ్యూల్‌కి నెట్ ఐడీ 03. ఏ రెండు రిపీటర్లకీ ఒకే జత ఇవ్వొద్దు. అలా ఇస్తే ఒకటి చెప్పింది రెండోది వెనక్కి చెప్పి, మళ్లీ మొదటిది ముందుకి చెప్పి, బంతాట మొదలవుతుంది. 01-02, 02-03, 03-01 అని చుట్టు తిప్పినా అదే గతి. నిజం చెప్పాలంటే రెండు రిపీటర్లు దాటితే ఈ వస్తువుతో పని పెట్టుకోకపోవడమే నయం. అన్నీ ఒకే ఛానల్ మీద, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలి. ప్రతి అంచెకీ ఆలస్యం పెరుగుతుంది.

ఆ ఆలస్యం మోడ్‌బస్‌ని ఎలా కొడుతుందో చూడండి. బోరు కంట్రోలర్ 8 బైట్ల ప్రశ్న పంపుతుంది. అది గాలిలో రెండుసార్లు వెళ్లాలి. సెన్సరు జవాబు కూడా రెండుసార్లు. ఒక ప్రశ్నకి నాలుగు రేడియో ప్రయాణాలు. చాలా కంట్రోలర్లలో టైమ్‌అవుట్ 1 సెకను దగ్గర పెట్టి ఉంటుంది. జవాబు వచ్చేసరికి అది తలుపు మూసేసి రెండో ప్రశ్న వేస్తుంది, మొదటి జవాబు వెళ్లి రెండో ప్రశ్నకి అతుక్కుంటుంది. ఒక రిపీటర్‌తో 2.4కే మీద 3 సెకన్ల టైమ్‌అవుట్‌తో మొదలుపెట్టి, తప్పులు లేకపోతే తగ్గించుకుంటూ రండి. నీటిమట్టం 10 సెకన్లకోసారి తెలిస్తే చాలదా? దూరం చాలడం లేదని గాలి స్పీడుని 0.3కేకి దించితే, అంటే 62ని 60 చేస్తే, 8 బైట్ల డేటాకే సెకనులో అయిదో వంతు పైగా పోతుంది. దాని మీద ప్రతి ప్యాకెట్ ముందు వెళ్లే ప్రియాంబుల్, హెడర్ ఖర్చు వేరే. అదంతా నాలుగుసార్లు.

ప్యాకెట్ పరిమాణం 240 బైట్లు. మోడ్‌బస్‌లో ఒకేసారి 125 రెజిస్టర్లు అడిగితే జవాబు 255 బైట్లవుతుంది. అది రెండు ముక్కలై, మధ్యలో విరామం వచ్చి, అవతల ఫ్రేమ్ చెడిపోతుంది. 100 రెజిస్టర్లకి 205 బైట్లు, అక్కడే ఆగండి. ఇంకో పక్క, పంపే కంట్రోలరే బైట్ల మధ్య ఆగి ఆగి పంపితే మాడ్యూల్ అక్కడికి మాట అయిపోయిందనుకుని సగం ఫ్రేమునే గాలిలోకి వదిలేస్తుంది. ఆర్డ్యూయినోలో సాఫ్ట్‌వేర్ సీరియల్ వాడినచోట ఇది తరచూ కనబడుతుంది. హార్డ్‌వేర్ సీరియల్‌కి మారితే పోతుంది.

చివరి బైటులో ఉన్న ఇంకో రెండు బిట్ల గురించి జాగ్రత్త. ఏడో బిట్టు ఆన్ చేస్తే వచ్చిన ప్రతి ప్యాకెట్ చివర సిగ్నల్ బలం ఒక బైటుగా తగిలిస్తుంది. టెర్మినల్‌లో చూసుకోవడానికి సౌకర్యమే గానీ మోడ్‌బస్‌కి అది సీఆర్‌సీ (ఫ్రేమ్ సరిగ్గా వచ్చిందో లేదో చూసే చివరి బైట్లు) తర్వాత వచ్చిన చెత్త. ఫ్రేమ్ చెల్లదంటుంది. టెస్టు అయ్యాక ఆపకపోతే లింకు బ్రహ్మాండంగా ఉండి కూడా ఒక్క రీడింగ్ రాదు. నాలుగో బిట్టు పంపేముందు గాలి ఖాళీగా ఉందా అని వినమనేది. రద్దీగా ఉంటే 2 సెకన్ల వరకు ఆగి, ఆ తర్వాత ఎలాగూ పంపేస్తుంది. మీ టైమ్‌అవుట్ లెక్కలన్నీ దాంతో తారుమారు. అడిగేది ఒక్క మాస్టరే అయినప్పుడు దాన్ని ఆపేసే ఉంచండి.

ఆర్ఎస్-485 వైపు ఈ మాడ్యూల్ ఏ సాయమూ చెయ్యదు. బజార్లో చవకగా దొరికే మ్యాక్స్485 బోర్డులో రెండు లోపాలు: అది 5 వోల్టుల చిప్పు, దాని అవుట్‌పుట్‌ని నేరుగా 3.3 వోల్టుల పిన్నుకి ఇవ్వడం మంచిది కాదు. దిశ మార్చే పిన్నులని ఎవరో ఒకరు నడపాలి, ఈ మోడెమ్ నడపదు. 3.3 వోల్టుల మీద పనిచేసే, దిశని తనంతట తానే మార్చుకునే కన్వర్టర్ కొనండి. ఈ గొడవ వద్దనుకుంటే ఇదే కంపెనీ ఈ90-డీటీయూ వరసలో ఈ22 రేడియోనే రేకు డబ్బాలో పెట్టి, ఆర్ఎస్-485 స్క్రూ టెర్మినళ్లతో ఇస్తోంది. ధర ఎక్కువే. అయినా రెండు చివర్లకీ అది, గుట్ట మీదకి మాత్రం విడి మాడ్యూల్ అన్నది మా సలహా. రిపీటర్‌కి సీరియల్ తీగతో పనే లేదు. కరెంటు ఇచ్చి ఎం0, ఎం1 గ్రౌండు చేస్తే సరి.

రిపీటర్‌కి నిద్ర లేదు, ఎప్పుడూ వింటూనే ఉండాలి. సోలార్ లెక్కకి సగటున 20 మిల్లీ ఆంపులు వేసుకోండి. రోజుకి 5 వోల్టుల మీద 480 మిల్లీ ఆంప్-అవర్లు. 12 వోల్టులు 7 ఆంప్-అవర్ల బ్యాటరీ, 10 వాట్ల ప్యానెల్ ఉంటే ముసురు పట్టినా ఢోకా లేదు. 12 నుంచి 5కి దించే కన్వర్టర్ పక్కన, మాడ్యూల్ వీసీసీకి ఆనించి 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. పంపే క్షణంలో కరెంటు ఒక్కసారి ఎగబాకుతుంది, సన్నటి తీగలో వోల్టేజి కుంగి మాడ్యూల్ రీసెట్ అవుతుంది. వినడం బాగానే ఉండి, పంపడం మాత్రం కుదరని రిపీటర్ కనిపిస్తే ముందు చూడాల్సింది ఇదే.

యాంటెన్నా లేకుండా కరెంటు ఇవ్వొద్దన్నది అందరికీ తెలిసిన మాటే. తెలియని మాట ఇంకొకటుంది. మాడ్యూల్ మీదిది మామూలు ఎస్ఎంఏ సాకెట్, మధ్యలో రంధ్రం. వైఫై రౌటర్ల యాంటెన్నాల్లో చాలావాటికి ఉండేది రివర్స్ ఎస్ఎంఏ, దాని మధ్యలోనూ రంధ్రమే. మర చక్కగా ఎక్కుతుంది, బిగుసుకుంటుంది, లోపల సూది లేదు కాబట్టి ఏదీ దేనికీ తగలదు. గదిలో పనిచేసి గేటు దాటగానే ఆగిపోయే లింకుల్లో సగం ఈ కథే. కొనేటప్పుడు మధ్యలో సూది కనబడుతోందా చూసి, 868 మెగాహెర్ట్జ్‌కి చేసిందే తీసుకోండి.

కంపెనీ చెప్పే దూరం ఖాళీ మైదానంలో, 5 డీబీఐ యాంటెన్నాతో కొలిచింది. కోనసీమ కొబ్బరితోటల్లో ఆ అంకె మరిచిపోండి, తడి ఆకులు సిగ్నల్‌ని తాగేస్తాయి. చూపుకి అడ్డం లేకపోవడం ఒక్కటే చాలదు. 866 మెగాహెర్ట్జ్ మీద 1 కిలోమీటరు లింకుకి మధ్యలో ఫ్రెనెల్ జోన్ (రెండు యాంటెన్నాల మధ్య సిగ్నల్ పరుచుకుని వెళ్లే చోటు) వ్యాసార్థం 9 మీటర్ల పైన, 2 కిలోమీటర్లకి 13. అందులో 60 శాతమైనా చెట్లూ మట్టీ లేకుండా ఉండాలి. చివర్లలో 6 మీటర్ల పైపు ఎత్తడం, యాంటెన్నా మీద డబ్బు తగలెయ్యడం కన్నా మేలు. అలాగని మాడ్యూల్‌ని కింద పెట్టి యాంటెన్నా తీగ పైకి లాగొద్దు. ఆర్‌జీ-58 తీగ ఈ ఫ్రీక్వెన్సీలో మీటరుకి సుమారు అర డీబీ మింగుతుంది. 10 మీటర్లకి 5 డీబీ, అంటే పవర్‌లో మూడింట రెండు వంతులు తీగలోనే ఆవిరి. మాడ్యూల్‌నే ప్లాస్టిక్ డబ్బాలో పైకెక్కించి, ఆర్ఎస్-485 జత తీగని కిందికి దించండి. దానికి 10 మీటర్లు ఒక లెక్కే కాదు. తీగ రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి, పిడుగుల కాలానికి ఏ-బీ తీగల మీద ఎస్ఎం712 లాంటి సర్జ్ డయోడ్ వెయ్యండి. అది పోయినా పది రూపాయల వస్తువే పోతుంది, మాడ్యూల్ మిగులుతుంది.

డబ్బా మూత లోపల ఆ మాడ్యూల్‌కి పంపిన హెక్స్ వరసని చెరగని పెన్నుతో రాసి అంటించండి. రెండేళ్ల తర్వాత ట్యాంకు వైపు మాడ్యూల్ మార్చాల్సి వస్తే నెట్ ఐడీ 01 పెట్టాలా 02 పెట్టాలా అన్నది గుట్ట ఎక్కకుండా తెలుస్తుంది.